పాదుకాశబ్దవిచారము



మన సంఘ వార్షికసభా సంచికలకుఁ గులపురాణములును, దాతల చరిత్రములును, విద్యాప్రోత్సాహక వ్యాసములును వ్రాయుట వాడుక. ఈ యేఁట నేను మిక్కిలి సామాన్యమైన యొక వస్తువును గూర్చియు, దాని పేళ్లను గూర్చియు వ్రాయఁ దలఁచితిని. అది కాలికిఁ దొడుగుకొను పాదుక. తెల్లవాఱఁగనే యింటిలోఁ గాలు వెదకికొనునది యది. గడపవెలుపల విడువఁబడునది యది. సింహాసనముపైఁ బట్టాభిషేకము పొందినది యది. తిట్టునకు సాధనమైనదియు నదియే. వస్తు వొక్కటి, పేళ్లు పెక్కులు. పేరు మాఱినకొలఁది గౌరవము మాఱినది. ఆ వస్తువును గుట్టిన చేతులు మాత్రము తరతరములుగా మాఱలేదు. కావున నీ శబ్దచరిత్రము మన చరిత్రములో నొక భాగమే యని నా మనవి.

మనవారిలోఁ గొందఱు, ముఖ్యముగాఁ జదువుకొన్న యువకులు, తోలుమాట యిఁక నెత్తవలదనియు, మన పుస్తకములలోఁ జెప్పుల ప్రసంగమే యుండరాదనియుఁ గోరుచున్నారు. వారి మనసులోని నొప్పి నే నెఱుంగుదును. ఊరివారి నోట నా మాట యెట్లు పలుకఁబడుచుండెనో వినిన చెవులు గలవారికి దానిపై విముఖత సహజము. అయినను ఒక మాటను విడుచుటకు ముందు దాని యర్థము లెన్నియో, వానిలోఁ దొలుతటిది యేదియో, తరువాతఁ జేరినది యేదియో విచారించుట యుక్తము. ఆ విచారమున కీ వ్యాస ముపక్రమము.

ఇంటిలోఁ దొడుగుకొను పాదరక్షకుఁ దెలుఁగునఁ బూర్వమునుండి వాడుకలోనున్న పేరు పావుకోళ్లు. కొందఱు పాంకోళ్లందురు. కఱ్ఱతోఁ జెక్కి, బొటనవ్రేలికిని దాని ప్రక్కవ్రేలికిని నడుమ నొక గుబ్బ నిలిపిన వస్తువది. మంచపుకోడు అనునప్పుడు కాలు అను నర్థము నిచ్చు కోడుశబ్దము దీని తుదను వినఁబడుచున్నది. సంస్కృతమునఁ బాదుక యన్నచో నేఁడు మనకు స్ఫురించునది యిదియే. నిష్ఠాపరుల యిండ్లలో మడి గట్టినవారును, యతులును, గురువులును దీనిని దొడిగిరి. తోలు మైల యనియు, కఱ్ఱకు మైల లేదనియు నొక యాచార మేర్పడుటయే దీనికిఁ గారణము. తోలుచెప్పు వీధియరుగు క్రింద నిలిచెను; కఱ్ఱపాదుక లోపలి వసారాలవఱకు నడిచెను. ఈ యాచారమునుండియే పాదుక పవిత్రమనియు, చెప్పు అపవిత్రమనియు నొక భావము జనుల మనసున స్థిరపడినది. ఇది యనాదిసిద్ధమా, నడుమ వచ్చినదా యనునదే ప్రశ్న.

ముందుగాఁ గోశమును జూతము. అమరసింహుఁడు తన నామలింగానుశాసనమునఁ బాదుక, పాదూ, ఉపానత్తు అను మూఁడు పదములను నొకే వస్తువునకుఁ బర్యాయములుగాఁ జెప్పెను. అందుఁ గాలంత నిడివి గలదానికి ననుపదీన యని విశేషనామ మిచ్చెను. కఱ్ఱది యొకటి, తోలుది యొకటి యని యాతఁడు విభజింపలేదు. ఈ పదములు రెండవకాండమునందలి శూద్రవర్గమునఁ, దోలువారులకుఁ బేళ్లైన నద్ధ్రి, వర్ధ్రి, వరత్ర యను పదముల సరసనే చెప్పఁబడినవి. చర్మకారునకుఁ బర్యాయముగా నాతఁ డిచ్చిన పదము పాదూకృత్తు. అనఁగాఁ బాదుకలను జేయువాఁడని యర్థము. కాఁబట్టి కోశకారుని దృష్టిలోఁ బాదుక కుట్టువాఁడును మన తాతయే. చెప్పు కుట్టువాఁడును మన తాతయే.

వ్యాకరణ మింకను ముచ్చటగా నున్నది. పాదూశబ్దముపై కప్రత్యయము రాఁగాఁ బాణినీయము ఏడవ యధ్యాయమందలి హ్రస్వవిధిచే దీర్ఘము కుఱుచయై పాదుక యైనది. ఉపానహ్ అను శబ్దము కట్టుట యను నర్థము గల నహధాతువునుండి పుట్టినది. కాలికి దాపునఁ గట్టఁబడునది యని భావము. అందు ఉప యనుదాని తుది యచ్చు దీర్ఘమగుటకును, హకారము ధకారమై తుదకుఁ దకారముగా వినఁబడుటకును బాణిని వేఱువేఱు సూత్రములు చేసెను. ఐదవ యధ్యాయమున నుపానహమునకుఁ దగిన ముడిపదార్థమును దెలుపుట కొక ప్రత్యయమునే విధించెను. ఔపానహ్య మనఁగాఁ జెప్పులు చేయుటకుఁ బనికివచ్చునది. వ్యాఖ్యాతలు దీనికి ముంజగడ్డి నుదాహరించిరి. కాలిచెప్పునకై యిన్ని సూత్రములు చేసిన మహర్షి యా వస్తువును నీచముగాఁ దలఁచెననుట కాధారము లేదు.

వేదవాఙ్మయమునఁ జూడుఁడు. రాజసూయయాగమున నభిషిక్తుఁడైన రాజు వరాహచర్మముతోఁ జేసిన యుపానహములను దొడుగుకొనవలయునని శతపథబ్రాహ్మణము విధించుచున్నది. యాగశాలయందు, మంత్రపూర్వకముగా, తోలుచెప్పులు! గురుకులవాసము ముగించి స్నాతకుఁ డగు బ్రహ్మచారి సమావర్తనదినమున గొడుగును దండమును బుచ్చుకొని యుపానహములను దొడుగుకొనవలయునని గృహ్యసూత్రములు చెప్పుచున్నవి. అంతవఱకుఁ జెప్పులు లేకుండ నడచినవాఁడు గృహస్థాశ్రమమున కర్హుఁడైన గుర్తుగా వానిని బొందును. మన నాఁటి పెండ్లిండ్లలోఁ గాశీయాత్ర యను వేడుకయందు వరునికి గొడుగును, కఱ్ఱయు, పాదరక్షలును నిచ్చుట యీ సమావర్తనపు శేషమే. పరలోకయాత్రకై చేయు దానములలోను గొడుగుతోడఁ జెప్పుల జత గలదు. ఇట్లు పుట్టువు మొదలు గిట్టువఱకు నడుమనున్న ముఖ్యఘట్టములలోఁ జెప్పు శుభవస్తువుగానే వచ్చినది.

మహాభారతము ఆనుశాసనికపర్వమున గొడుగునకును జెప్పులకును బుట్టినకథ యొకటి గలదు. జమదగ్నిమహర్షి వినోదార్థము బాణములు వేయుచుండఁగా రేణుకాదేవి వానిని దెచ్చి యిచ్చుచుండెను. జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నమున నామెకు శిరస్సు మాఁడెను, పాదములు కాలెను. చెట్టునీడ నించుక నిలిచి యాలస్యముగా వచ్చెను. ముని కోపించి సూర్యునిపై శరమెత్తఁగా, సూర్యుఁడు బ్రాహ్మణరూపమున వచ్చి శరణుచొచ్చి, తలకు గొడుగును, పాదములకుఁ జెప్పులను నొసంగెనట. ఈ కథనుబట్టి లోకమునఁ దొలిచెప్పులు తొడిగినది రేణుక. తెలుఁగునాఁట నా రేణుకయే యెల్లమ్మ. మన కులస్త్రీ యగు మాతంగికిని రేణుకకును శిరస్సులు మాఱినవని మన ముదుసళ్లు చెప్పు కథ మీ రెఱుఁగనిది కాదు. ఎల్లమ్మ కొలువులలో డప్పు కొట్టువారును, కథ చెప్పువారును మనవారే. ఏ తల్లి పాదములు కాలెనని సూర్యుఁడు చెప్పు లిచ్చెనో యా తల్లిని గొలుచువారికే గ్రామవీధిలోఁ జెప్పులు తొడుగరాదన్న కట్టడి వచ్చుట కాలవైపరీత్యము.

బౌద్ధుల వినయపిటకము మహావగ్గమునఁ జర్మవస్తువుల కొక స్కంధకమే కలదు. చంపానగరమున సుకుమారముగాఁ బెరిగిన సోణుఁడను ధనికపుత్రుఁడు భిక్షువై, చంక్రమణము చేయుచుండఁగా నాతని యరికాళ్లు పగిలి నేల రక్తసిక్తమయ్యెను. బుద్ధభగవానుఁ డది చూచి యొంటియట్టగల తోలుచెప్పుల ననుమతించెను. అవంతి మొదలగు ప్రత్యంతదేశములలో నేల గట్టిదియు, పశువుల గిట్టలచే గోతులు పడినదియు ననఁగాఁ బెక్కు అట్టలుగల చెప్పులను నచట సమ్మతించెను. అయితే వేకువజామునఁ గొందఱు భిక్షువులు కఱ్ఱపాదుకలు తొడిగి టకటక నడచుచు, గట్టిగా ముచ్చటించుచు, పురుగులను ద్రొక్కుచు, ధ్యానమున నున్నవారికి భంగము కలిగింపఁగాఁ, గఱ్ఱపాదుకలను నిషేధించెను. చదువరులారా! గమనింపుఁడు. తరువాతికాలపు టాచారమునకు నిది తలక్రిందు. తోలు చెల్లెను, కఱ్ఱ చెల్లదయ్యెను. అచటఁ బ్రమాణము మడిమైల కాదు. కాలినొప్పియు, నితరుల శాంతియు, ప్రాణుల రక్షణమును. ఇట్టి నియమములు మనుష్యులు తమ యవసరమునుబట్టి కాలక్రమమునఁ గట్టుకొన్నవని దీనివలనఁ దేలుచున్నది.

ఇఁకఁ బాదుకాశబ్దమునకు రాజ్యాధికార మను నర్థ మెట్లు వచ్చెనో చూతము. వాల్మీకిరామాయణము అయోధ్యాకాండమున భరతుఁడు చిత్రకూటమునకుఁ బోయి, బంగారుతో నలంకృతములైన పాదుకలపై రాముని పాదముల నుంచుమని వేఁడి, వానిని శిరస్సునఁ దాల్చి మరలెను. నందిగ్రామమునఁ బాదుకలకుఁ బట్టాభిషేకము చేసి, ఛత్రచామరములు పట్టి, పదునాలుగేండ్లు సమస్తకార్యములను వానికి నివేదించుచుఁ బాలించెను. అది మొదలు పాదుక యనఁగా లేని ప్రభువునకు మాఱుగా నిలిచిన ప్రభుత్వము. ఈ ఘట్టము తెలుఁగువారికి నెంతప్రియమో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి పాదుకాపట్టాభిషేక నాటకమును, 1932లో నదేపేర వచ్చిన టాకీయును సాక్ష్యము.

శ్రీవైష్ణవులలో నీ భావము భక్తిగాఁ బరిణమించెను. వేదాంతదేశికులు శ్రీరంగనాథుని పాదుకలపై ముప్పదిరెండు పద్ధతులుగా 1008 శ్లోకములతోఁ బాదుకాసహస్రము రచించిరి. అది యొక్కరాత్రిలో రచితమని సంప్రదాయము. దేవాలయములలో భక్తుల తలపై నుంచు కిరీటాకారపాత్రపై భగవత్పాదముల గుర్తులుండును. దానికి శఠారి యనియు శఠకోపమనియుఁ బేరు. శఠకోపులనఁగా నమ్మాళ్వారులు. వారు చతుర్థవర్ణజులని సంప్రదాయము. అట్టివారి పేరుగల పాదుకను సర్వవర్ణములవారును దల యొగ్గి ధరింతురు. ఈ పవిత్రశబ్దమునకు వాడుకలో శఠగోపము పెట్టుట, అనఁగా మోసగించుట, యను నర్థము కూడఁ బట్టినది. పదములకుఁ గులము లేదు; పూజయు నిందయు నొకే పదమున వసింపఁగలవు.

తిరుపతి యలిపిరికడఁ బాదాల మండపమున భక్తులు లోహపాదుకలను శిరమున నుంచుకొని ప్రదక్షిణము చేయుదురు. శ్రీనివాసుఁడు రాత్రివేళ గిరులపైఁ జరించుటచే నాతని చెప్పు లరిగిపోవుననియు, చర్మకారులు పెద్ద చెప్పులు కుట్టి స్వామికి సమర్పింతురనియు జనశ్రుతి గలదు. స్వామి తొడుగుకొన్నది తోలుచెప్పే యని యా జనశ్రుతి నిస్సంకోచముగాఁ జెప్పుచున్నది. శ్రీకాళహస్తిలోఁ దిన్నఁడు శివలింగము రెండవకన్నును గుఱుతుపట్టుటకుఁ దన కాలినే యానించెను. శంకరభగవత్పాదుల పేర వెలసిన శివానందలహరి యఱువదిమూఁడవ శ్లోకమున, దారులఁ దిరిగి యరిగిపోయిన యా బోయవాని చెప్పు పశుపతి శరీరమునకుఁ గుశకూర్చ మయ్యెనని చెప్పఁబడినది. అచట వాడఁబడిన శబ్దము పాదుక! అడవిలో నరిగిన చెప్పునకును, భరతుఁడు తలఁదాల్చిన దానికిని నా మహాకవి వేఱుమాట వెదకలేదు. మహారాష్ట్రమున నాళందినుండి జ్ఞానేశ్వరుని పాదుకలను, దేహూనుండి తుకారాముని పాదుకలను బల్లకిలో నుంచి యేఁటేఁటఁ బండరికిఁ గొనిపోవుటయు, గాణగాపురమున నృసింహసరస్వతీస్వామివారి నిర్గుణపాదుకల నర్చించుటయుఁ బ్రసిద్ధములు. ఇచటఁ బాదుక యనఁగా గురుసాన్నిధ్యము.

సంస్కృతము నింతటితో నిలిపి తెలుఁగుమాటకు వత్తము. చెప్పు అను పదమునకు మనకు రెండర్థములు: పలుకుట, పాదరక్ష. ఒకే మాటకు రెండర్థము లెట్లు కలిగెనని బాలురు పాఠశాలలో నడుగుచుందురు. ఇవి పుట్టుకచే రెండు మాటలు. పలుకుటను దెల్పు చెప్పు తమిళమునను జెప్పే. పాదరక్ష మాత్రము తమిళ మలయాళములలోఁ జెరుప్పు, కన్నడమునఁ గెరవు, కెర్పు. తెలుఁగు చెవి కన్నడమునఁ గివి, తెలుఁగు చెఱువు కన్నడమునఁ గెఱె యైనట్లే, యిచటను గకారచకారములు మాఱినవి. నడుమ నుండిన రేఫము తెలుఁగున లోపించి, పకారము ద్విత్వమై, తుదకు రెండు మాటలు నొకే రూపము దాల్చినవి. కావునఁ జెప్పు ద్రావిడభాషలన్నిటికి నుమ్మడిసొత్తు, మిక్కిలి ప్రాఁతమాట. ఒకరి చెప్పుచేతలలో నుండుట యను వాడుకలోని చెప్పు పాదరక్ష కాదు. చెప్పుటయుఁ జేయుటయు నని దాని యర్థము. ఈ భేద మెఱుఁగక యా పలుకుబడిని గూడ నవమానముగాఁ దలఁచువారున్నారు.

ఇతరపదములను గూడఁ జూడుఁడు. పాదు అనఁగాఁ జెట్టుమొదట నీరు నిలుచుటకుఁ జేసిన గుంట. దానినుండి వేరూని స్థిరపడుట యను నర్థమునఁ బాదుకొనుట వచ్చినది. చెవికిఁ బాదుకవలె వినఁబడినను నిది యచ్చతెలుఁగు. జోడు అనఁగా జంట. రెండుగానుండుటచేఁ గాలిజోడు, కండ్లజోడు నైనవి. కవచమునకును జోడని పేరు. ముచ్చెలు సొగసైన పాదరక్షలు. పాపోసులు పారసీకమునుండి వచ్చినవి. ఆ భాషలోఁ బా యనఁగాఁ బాదము, పోషు అనఁగాఁ గప్పునది. ఆ పాయును మన పాదమును నొకే మూలమునకుఁ జెందిన సోదరశబ్దములు. ఈ పాపోసు పశ్చిమమునకుఁ గూడ నడచి యూరపుభాషలలో నింటిచెప్పునకుఁ బేరయ్యెను. నేఁటి యిండ్లలో రబ్బరుతోఁ జేసిన హవాయిచెప్పులును, స్లిప్పర్లును వచ్చి, పావుకోళ్లు తీసిన చోటఁ గూర్చున్నవి. ఇంటిలోఁ జెప్పులు తొడుగరాదన్నవారే నేఁడు చలువరాతినేలపై వానితో నడచుచున్నారు. మైల యను ప్రశ్న యచటఁ బుట్టుటలేదు.

ఇట్లుండఁగా నవమానార్థ మెచటినుండి వచ్చెను? చెప్పుదెబ్బ, చెప్పులదండ, చెప్పుక్రింది తేలు మొదలగు పలుకుబడులలోఁ జెప్పు దండసాధనము. దీనికి మూలము వస్తువునందు లేదు. కాలు తలకంటెఁ దక్కువదను భావమునందును, కాలిని సేవించువాఁడు కాలికంటెఁ దక్కువవాఁడను సంఘనియమమునందును నున్నది. గ్రామములలో మనవారు పెద్దయిండ్లముందుఁ జెప్పులు విడిచి, చేతఁ బట్టుకొనియో చంకఁ బెట్టుకొనియో నడువవలసియుండెను. కుట్టినవాఁడు తొడుగరాదు, తొడిగినవాఁడు కుట్టినవానిని దాఁకరాదు. ఇంతకంటె విపరీత మేమి గలదు?

పాదరక్షలయందు మర్యాద యెంత దాఁగియున్నదో పాలకులును బాగుగా నెఱిఁగినవారే. హైదరాబాదు దర్బారునకు వచ్చు నింగ్లీషు రెసిడెంటులు చిరకాలము పాదరక్షలు విడిచి నేలపైఁ గూర్చుండుచుండిరి. 1869లో నఫ్జలుద్దౌలా మరణింపఁగాఁ బసివాఁడైన మీర్ మహబూబ్ అలీఖాన్ గద్దె నెక్కిన సమయమున, రెసిడెంటు సాండర్సు బూట్లతోడనే వచ్చి కుర్చీపైఁ గూర్చుండుటకుఁ బట్టుపట్టి సాధించెను. బూట్లు విడుచుట తన ప్రభుత్వమునకు లోపమని యాతని భావము. సామ్రాజ్యప్రతినిధికి లోపముగాఁ దోఁచినది నిరుపేద చర్మకారునకు మాత్రము లోపముగాఁ దోఁపదా?

స్వతంత్రభారతము దీనికిఁ బరిహారము చూపినది. 1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణమున నస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో నస్పృశ్యతానేరముల చట్టము వచ్చినది. 1976 సవరణతో దానికిఁ బౌరహక్కుల పరిరక్షణ చట్ట మని పేరు మాఱినది. 1989లో నత్యాచారనిరోధక చట్టము వచ్చినది. 2015లో దానికిఁ జేసిన సవరణలోఁ బాదరక్షల దండ వేయుట స్పష్టముగా నేరములలోఁ బేర్కొనఁబడినది. ఆ సవరణ 2016 జనవరి 26నుండి యమలులో నున్నది. ఒక వస్తువు పేరు చట్టమున కెక్కవలసివచ్చుటయే యీ వ్యాధి యెంతలోఁతైనదో చెప్పుచున్నది. ఆ నిబంధన మన యూరూరను దెలియవలయును. తెలిపెడి భారము చదువుకొన్న యువకులది.

చట్టమునకు మున్నే మనగౌరవమును జాటిన మహనీయులున్నారు. పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున మాదర చెన్నయ్య కథను భక్తితోఁ జెప్పెను. చెన్నయ్య పెట్టిన యంబలిని శివుఁ డారగించెనని యందలి సారము. కల్యాణపట్టణమున హరళయ్య దంపతులు తమ తొడలచర్మముతో బసవేశ్వరునకుఁ బాదుకలు కుట్టిరనియు, ఆయన వానిని దొడుగక తలపై నుంచుకొనెననియు శరణసంప్రదాయము. కాశిలోఁ జెప్పులు కుట్టుచునే రవిదాసు భక్తకవియయ్యెను. ఆయన పదములు సిక్కుల గురుగ్రంథసాహిబులోఁ జేరినవి. గుఱ్ఱము జాషువ 1941నాఁటి గబ్బిలమున నరుంధతీసుతుని వర్ణించుచు, దేశవీరుని పాదములు కందకుండఁ జెప్పులు కుట్టు నీతని సేవకు భరతభూమియే ఋణపడినదనెను. ఆ కవి యచటఁ బాదుకలనలేదు, చెప్పులనియే వ్రాసెను. ఆ మాటను మఱుఁగుపఱుపక మహాకావ్యమున నిలిపిన ధైర్యమునుండి మనము నేర్వవలసినది గలదు.

మన కులనామ చరిత్రమును నిట్టిదే. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున వసిష్ఠుని భార్య యక్షమాల యధమజన్మురాలనియు, భర్తతోడి సంబంధమువలనఁ బూజ్యురాలయ్యెననియు నున్నది. ఆమెయే యరుంధతి యని వాడుక. ప్రతి పెండ్లియందును నూతనదంపతులు తలయెత్తి చూచు నక్షత్ర మామెది. ఆమె పేర మన మరుంధతీయుల మైతిమి. తమిళనాఁట నున్న మన బంధువులు నా పేరుతోడనే పిలువఁబడుచున్నారు. మఱియొకవైపున 1994లోఁ బ్రకాశము జిల్లా యీదుముడిలోఁ బుట్టిన దండోరా యుద్యమముతో మాదిగ యను మాటను దమ పేరి తుదిని సగర్వముగాఁ జేర్చుకొనుట యాచారమైనది. నిన్న తిట్టుగా విన్న మాటను నేఁడు బిరుదుగా వ్రాసికొనుచున్నారు. కొత్తపేరును బెట్టుకొనుట యొక మార్గము. పాతపేరును గడిగి మెఱుఁగుపెట్టుట మఱియొక మార్గము. రెండును మనవే. చెప్పు అను మాటకు నీ రెండవమార్గమే తగినదని నా యభిప్రాయము.

తుదకొక్క మనవి. మన వృత్తితోపాటు దాని భాషయు మాయమగుచున్నది. తోళ్లను సున్నమునఁ బెట్టి వెండ్రుకలు తీయుట, లందలోఁ దంగెడుచెక్కతోను గరకకాయతోను నూరఁబెట్టుట, అట్ట కోయుట, వారు తీయుట, కపిలబానకుఁ దొండము కుట్టుట, డప్పునకుఁ దోలు మూయుట: ఒక్కొక్క పనికి నొక్కొక్క మాట, ఒక్కొక్క పనిముట్టునకు నొక్కొక్క పేరు గలదు. మన తాతలు ఆరె యన్న పనిముట్టు పేరు అమరకోశమున ఆరా యని, తోలును దొలుచునదిగాఁ జెప్పఁబడియున్నది. అక్షరము రాని ముదుసలి నోటను, సంస్కృతకోశమునను నొకే మాట నిలిచియుండుటకంటె మన ప్రాచీనతకు వేఱుసాక్ష్య మేల? మద్రాసులో 1948లో నేర్పడిన కేంద్రచర్మపరిశోధనాలయమున రసాయనశాస్త్రజ్ఞులు పరిశోధించు విషయమును మన పెద్దలు మునివ్రేళ్లతో నెఱిఁగిరి. కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళికసూచిక లభించి, మహారాష్ట్ర కర్ణాటకములలో నా పనివారి జిల్లాలకుఁ బేరు వచ్చినది. మన పనివారి పేళ్లు, పనిపేళ్లు వ్రాసిపెట్టినవారు లేరు.

కావునఁ బోషకమహాశయులకును, సభాసదులకును నా విన్నపము. వచ్చు సభనాఁటికిఁ బ్రతిగ్రామమునందును వృత్తి నెఱిఁగిన వృద్ధులకడకు మన విద్యార్థులు పోయి, పనిముట్ల పేళ్లు, పనుల పేళ్లు, తోళ్ల రకములు, సామెతలు వ్రాసికొని తేవలయును. ఆరె, రంపె మొదలగు పనిముట్లను సేకరించి సంఘభవనమున నుంచవలయును. పోషకులు వేఱేమియు నీయనక్కఱలేదు; ఆ పదకోశము నచ్చువేయుటకుఁ గాగితము నిచ్చినఁ జాలును. వృత్తిని విడిచి యుద్యోగములకుఁ బోవుట మన పిల్లల హక్కు. ఎవ్వరును వారిని మరలఁ దోలుముందుఁ గూర్చుండుమనరాదు. అయితే తమ తాత యేమి చేసెనని యడిగినవానికి సిగ్గుపడక చెప్పగల మాట వారికుండవలయును. ఆ మాట యిది: రాజసూయమున రాజు తొడిగినది, రేణుకకు సూర్యుఁ డిచ్చినది, సోణుని పాదముల నెత్తురాపినది మా తాతలు కుట్టిన జోడు.

సంఘమునకు శుభమగుఁ గాక. స్వస్తి.